రెండో బిడ్డ కావాలా? ముందు తల్లి ఒళ్లు, తర్వాత ఇంట్లో చేతులు, ఆ తర్వాతే డబ్బు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీకు 33 ఏళ్లు. పాపకు రెండేళ్ల నాలుగు నెలలు, పెద్దాపరేషన్ కాన్పు. మీ ఉద్యోగం విశాఖ మధురవాడలో ఐటీ కంపెనీలో, మీవారిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, కాపురం ఎన్‌ఏడీ దగ్గర. అత్తగారు "ఒక్క పిల్లతో సరిపెట్టేస్తారేటి?" అంటున్నారు. మీవారు "నీ ఇష్టం" అంటున్నారు. మీకు మాత్రం ఎటూ తేలడం లేదు. ఎంత ఎడం ఉండాలి, ఇప్పుడు కాకపోతే ఆలస్యమైపోతుందా, అసలు ఎలా తేల్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ఇలాంటి చర్చ దాదాపు ప్రతి ఇంట్లోనూ డబ్బుతో మొదలై డబ్బు దగ్గరే ఆగిపోతుంది. స్కూలు ఫీజు, ఇంటి ఈఎంఐ, బంగారం రేటు. డబ్బు లెక్క అవసరమే, కానీ అది చివర వేయాల్సిన లెక్క. ముందు చూడాల్సింది తల్లి ఒళ్లు ఇంకో కాన్పుకు సిద్ధంగా ఉందా అని. తర్వాత, పుట్టిన బిడ్డను ఎత్తుకోవడానికి ఇంట్లో ఎన్ని చేతులు ఉన్నాయని. ఈ రెండూ చూడకుండా జీతం సరిపోతుందని ముందుకెళ్లినవాళ్లే తర్వాత ఎక్కువగా ఇబ్బంది పడతారు. డబ్బు తక్కువైతే ఏదో ఒక దారి దొరుకుతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు ఏడ్చే చంటిబిడ్డనూ, అదే గదిలో లేచి కూర్చున్న మూడేళ్ల పిల్లనూ ఒక్కరే చూసుకోవాల్సి వస్తే దానికి దారి దొరకదు.

ముందు ఒంటి సంగతి. మొదటి కాన్పు డిశ్చార్జి కాగితం బయటికి తీయండి. అందులో ఆపరేషన్ ఎందుకు చేశారో, గర్భసంచి మీద కోత ఎలా పెట్టారో రాసి ఉంటుంది. "ఎల్‌ఎస్‌సీఎస్" అని ఉంటే గర్భసంచి కింది భాగంలో అడ్డకోత అని అర్థం, సాధారణంగా చేసేది అదే. "క్లాసికల్" (నిలువుకోత) అనో "ఇన్‌వర్టెడ్ టీ" (తలకిందుల టీ ఆకారపు కోత) అనో ఉంటే మాత్రం రెండోసారి నొప్పులు వచ్చేదాకా ఆగకూడదు, ముందే తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేస్తారు. పొట్ట మీద కుట్టు అడ్డంగా ఉంది కదా, లోపల కోత కూడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పైకోత ఒకటి, లోపలికోత ఒకటి. కాగితం పోయినట్టయితే కాన్పు జరిగిన ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో దరఖాస్తు పెట్టి కేస్ షీట్ నకలు తీసుకోండి. గర్భం వచ్చాక పరుగులు పెట్టేకంటే ఇప్పుడే చేయడం మంచిది.

ఆపరేషన్ కారణం కూడా ముఖ్యమే. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందనో, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిందనో చేసి ఉంటే ఆ కారణం రెండోసారి ఉండకపోవచ్చు. నొప్పులు వచ్చి, గర్భసంచి నోరు పూర్తిగా తెరుచుకున్నా బిడ్డ కిందికి దిగలేదని చేసి ఉంటే మామూలు కాన్పు అయ్యే అవకాశం కొంత తగ్గుతుంది. మొత్తం మీద ఒకసారి అడ్డకోత ఆపరేషన్ అయినవాళ్లు మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే 100 మందిలో 60 నుంచి 80 మందికి అవుతుంది. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం 200 మందిలో ఒకరికి, లేదా కాస్త ఎక్కువ. అందుకే అలాంటి ప్రయత్నం వెంటనే ఆపరేషన్ చేయగల వసతి, రక్తం, మత్తు డాక్టరు 24 గంటలూ ఉన్నచోటే చేయాలి. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికీ, వీధి చివరి నర్సింగ్ హోమ్‌కీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఎడం గురించి. కాన్పయ్యాక మళ్లీ గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాన్పయ్యాక ఆరు నెలల్లోపే నెల తప్పితే నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, తల్లికి రక్తహీనత బాగా పెరుగుతాయి. పెద్దాపరేషన్ తర్వాత కాన్పుకీ కాన్పుకీ మధ్య 18, 19 నెలల కంటే తక్కువ ఉంటే కుట్టు విచ్చుకునే ముప్పు ఎక్కువ. మీరు ఈ గీత ఎప్పుడో దాటేశారు. ఈ నెలలోనే గర్భం వచ్చినా పిల్లల మధ్య మూడేళ్లు దాటుతుంది. కాబట్టి ఎడం మీ సమస్య కాదు.

వయసు మాత్రం చూడాలి. గర్భం నిలిచే అవకాశం 32 నుంచి మెల్లగా, 37 నుంచి వేగంగా తగ్గుతుంది. 30 ఏళ్ల వయసులో ఒక్కో నెలలో అవకాశం సుమారు 20 శాతం, 40 వచ్చేసరికి అది 5 శాతం లోపు. డౌన్ సిండ్రోమ్ ముప్పు 35 ఏళ్లకు సుమారు 350 కాన్పుల్లో ఒకటి, 40కి 100లో ఒకటి. మొదటిది నెల తిరక్కుండానే వచ్చింది కాబట్టి రెండోది కూడా అంతే అనుకోకండి. 35 లోపు ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించినా రాకపోతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే, కోక్ ఓవెన్, ఫర్నేస్ లాంటి వేడి దగ్గర ఎక్కువసేపు పనిచేసే మగవాళ్లలో వీర్యకణాలు తగ్గే అవకాశం ఉంది. కొత్త కణాలు తయారుకావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. సిగరెట్, ఖైనీ ఆపినా ఫలితం కనిపించేది ఆ మూడు నెలల తర్వాతే.

నిర్ణయం తేలకముందే చేయించుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. ముందు హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. 12 గ్రాముల కంటే తక్కువుంటే గర్భానికి ముందే సరిచేసుకోవాలి, ఎందుకంటే ఒకసారి నెల తప్పాక ఒంట్లో నీరు పెరిగి ఆ అంకె ఇంకా దిగుతుంది. ఐరన్ మాత్ర టీతోనో పాలతోనో వేసుకుంటే ఒంటికి పట్టదు. క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే. రెండింటికీ మధ్య రెండు గంటలు ఉంచి, ఐరన్‌తోపాటు జామకాయో నిమ్మరసమో తీసుకోండి. సరిగ్గా వాడితే నాలుగు వారాల్లో సుమారు 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్రలు మార్చడం కాదు చేయాల్సింది, కారణం వెతకాలి. నులిపురుగులు, ఎక్కువ రుతుస్రావం, లేదా థలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకు క్యారియర్ కావడం, అంటే జబ్బు లేకున్నా దాని జన్యువును మోయడం. మీ మూలాలు పాడేరు, అరకు వైపు ఉంటే సికిల్ సెల్ అనే మరో రక్తజబ్బు కూడా చూడాలి. హెచ్‌పీఎల్‌సీ అనే ఒక్క రక్తపరీక్షతో ఈ రెండూ తెలుస్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.

మీది మేనరికమో కాదో రాయలేదు. మన జిల్లాల్లో ఇది అడగాల్సిన ప్రశ్నే. మేనమామతోనో మేనబావతోనో పెళ్లైతే ఇలా దాగి ఉండే జబ్బులు బయటపడే అవకాశం ఎక్కువ. మొదటి పాప ఆరోగ్యంగా ఉందంటే రెండో బిడ్డకూ అంతేనని హామీ ఏమీ లేదు, ప్రతి కాన్పుకూ లెక్క మొదటినుంచి మొదలవుతుంది. కుటుంబంలో పుట్టుచెవుడు, తరచూ రక్తం ఎక్కించాల్సిన పిల్లలు, చిన్నప్పుడే కారణం తెలియకుండా పోయిన పిల్లలు ఎవరైనా ఉంటే గర్భానికి ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. కడుపులో పడ్డాక వెళ్తే పరీక్షలకు సమయం చాలదు.

మిగతావి వేగంగా: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బ్లడ్ గ్రూపు, రుబెల్లా (గర్భంలో సోకితే బిడ్డకు హాని చేసే వైరస్). థైరాయిడ్ మందు వాడుతుంటే గర్భానికి ముందు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచుతారు. మీది నెగెటివ్ గ్రూపై, పాపది పాజిటివ్ అయితే మొదటి కాన్పప్పుడు 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారా అన్నది డిశ్చార్జి కాగితంలో చూడండి. రుబెల్లా రక్షణ లేకపోతే టీకా వేయించుకుని కనీసం నెల ఆగాలి. మొదటిసారి గర్భంలో షుగర్ వచ్చి ఉంటే రెండోసారి వచ్చే అవకాశం సగానికి సగం. అలాంటివాళ్లు ఇప్పుడే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకుని, షుగర్ అలాగే ఉండిపోయిందేమో చూసుకోవాలి. బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా దాకా వెళ్లి ఉంటే ఆరుగురిలో ఒకరికి మళ్లీ వస్తుంది, 12వ వారం నుంచే తక్కువ డోసు ఆస్పిరిన్ అవసరమా అని డాక్టరును అడగాలి. ఫోలిక్ యాసిడ్ ప్రయత్నం మొదలుపెట్టడానికి నెల ముందునుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు. బిడ్డ వెన్నుపాము మూసుకునేది గర్భం వచ్చిన మొదటి 28 రోజుల్లోనే, అంటే చాలామందికి నెల తప్పిందని నమ్మకం కుదిరేలోపే. మందుల షాపులో అడిగితే తరచూ 5 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. అది అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకూ, ఇంకొన్ని ప్రత్యేక పరిస్థితులకూ ఇచ్చే మోతాదు.

ఇంకో సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేను అడుగుతాను. పాప పుట్టాక మొదటి ఏడాదిలో కారణం లేకుండా ఏడుపు రావడం, బిడ్డ మీద ప్రేమ పుట్టడం లేదనిపించడం, పిల్ల పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం వారాల తరబడి జరిగిందా? జరిగి ఉంటే అది ప్రసవానంతర కుంగుబాటు, రెండోసారి వచ్చే అవకాశం మామూలువాళ్ల కంటే బాగా ఎక్కువ. దానర్థం వద్దనుకోమని కాదు. ముందే డాక్టరుకు చెప్పి, మొదటి ఆరు వారాల్లో రాత్రిపూట కనీసం ఒక్క నాలుగైదు గంటల ముక్క మీకు నిద్ర దొరికేలా ఇంట్లో ఏర్పాటు చేసుకోవాలని. టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు చేతుల లెక్క. నా దృష్టిలో మీ ఇంట్లో అసలు ప్రశ్న ఇదే. ఒక తెల్లకాగితం మీద 24 గంటలూ నిలువుగా రాయండి. అడ్డంగా మూడు వరుసలు: మీవారికి "ఏ" (ఉదయం) షిఫ్టు ఉన్న వారం, "బీ" (సాయంత్రం) షిఫ్టు వారం, "సీ" (రాత్రి) షిఫ్టు వారం. ప్రతి గంటకూ ఇద్దరు పిల్లల పేర్ల పక్కన ఎవరు చూస్తారో రాయండి. "ఎవరో ఒకరు" అని రాయకూడదు, మనిషి పేరే రాయాలి. ఈ కాగితం నింపేటప్పుడే నిజాలు బయటికొస్తాయి. "ఏ" షిఫ్టు వారం తెల్లవారకముందే మీవారు బయల్దేరతారు, మీరు ఎన్‌ఏడీ నుంచి మధురవాడ హైవే మీద చేరాలంటే ఎనిమిదికల్లా గడప దాటాలి. ఆ మధ్యలో ఇద్దరు పిల్లలకు స్నానం, టిఫిన్, పెద్దదాన్ని స్కూలుకు దింపడం ఒక్క మనిషి పని. బీ షిఫ్టు వారం సాయంత్రం మొత్తం మీ ఒక్కరిదే. సీ షిఫ్టు వారం మీవారు ఇంట్లోనే ఉంటారు కానీ పగలు నిద్రపోవాలి. రాత్రంతా మేలుకున్న మనిషిని చంటిబిడ్డ దగ్గర కూర్చోబెట్టడం ప్రమాదం కూడా. "మీవారు పగలంతా ఇంట్లోనేగా" అన్న బంధువుల మాట ఆ కాగితం మీదకు ఎక్కించకండి.

అత్తగారి పేరు రాసిన గళ్లు లెక్కపెట్టండి. రోజుకు ఆరు గంటలు దాటితే ఆవిడ మోకాళ్లు, బీపీ, ఊళ్లో ఉన్న పొలం, మరో కొడుకు ఇంటి పనులు అన్నీ లెక్కలోకి తీసుకుని ఆవిడతోనే ఎదురుగా కూర్చుని అడగండి: "అత్తయ్యా, రెండేళ్లు మీరు ఇక్కడే ఉండగలరా? మధ్యలో ఎన్నాళ్లు ఊరెళ్తారు?" రెండో బిడ్డను అడుగుతున్నది ఆవిడే కాబట్టి ఈ ప్రశ్న అడగడం తప్పేమీ కాదు. జవాబు మర్యాదగా "చూద్దాంలే" అని వస్తే ఆ గళ్లు ఖాళీగానే ఉంచి, ఆయాకో క్రెష్‌కో ఎంతవుతుందో రాసుకోండి. యాభై మంది, అంతకుమించి పనిచేసే సంస్థలు క్రెష్ వసతి కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017 ప్రసూతి చట్ట సవరణతో నియమం వచ్చింది. మీ హెచ్‌ఆర్‌ను ఈ మాట నోటితో కాకుండా ఈమెయిల్‌లో అడగండి.

పురుడు ఎక్కడ అన్నది రెండోసారి వేరే ప్రశ్న అవుతుంది. మొదటిసారి సంచి సర్దుకుని మూడు నెలలు కన్నవారింటికి వెళ్లిపోయి ఉంటారు. ఇప్పుడు పాపకు స్కూలు మొదలై ఉంటుంది. పాపను తీసుకెళ్తే స్కూలు పోతుంది, వదిలి వెళ్తే "చెల్లి రాగానే అమ్మ నన్ను వదిలేసింది" అన్న భయం పట్టుకుంటుంది. అమ్మగారే ఇక్కడికి వచ్చి ఉండటం చాలా ఇళ్లలో పనిచేసే పద్ధతి. ఇంకోటి, పెద్దాపరేషన్ అయ్యాక ఆరు వారాలు పుట్టిన బిడ్డ కంటే బరువైనది ఎత్తకూడదు. అప్పటికి పెద్దది 13, 14 కిలోలు ఉంటుంది, ఎత్తుకోమని ఏడుస్తుంది. కూర్చున్నప్పుడు ఒళ్లోకి ఎక్కించుకోవడం, మంచం ఎక్కడానికి చిన్న పీట వేయడం కాన్పుకు రెండు నెలల ముందే అలవాటు చేయాలి. డైపరు మాన్పించడం, విడి మంచం, కొత్త స్కూలు లాంటి మార్పులేవైనా కాన్పుకు మూడు నెలల ముందైనా అయిపోవాలి, లేదా కాన్పయ్యాక మూడు నెలలకు మొదలుపెట్టాలి. మధ్యలో పెడితే నేర్చుకున్నది కూడా మర్చిపోయి మళ్లీ పక్క తడుపుతుంది.

సెలవు: మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో 80 రోజులు పనిచేసి ఉండాలి. కాబట్టి ఉద్యోగం మారే ఆలోచన ఉంటే ఈ 80 రోజుల లెక్క చూసుకుని మారండి. ఇద్దరు పిల్లలున్నాక మూడోసారికి 12 వారాలే.

డబ్బుకు వచ్చేసరికి నేను చెప్పే పద్ధతి ఒక్కటే. క్రెష్ లేదా ఆయా ఖర్చు, ఒక బెడ్‌రూమ్ పెద్దదైన ఇంటి అద్దెలో తేడా, రెండో స్కూలు ఫీజును పన్నెండుతో భాగించిన మొత్తం, ఈ మూడూ కలిపి ఆరు నెలలపాటు నెల మొదట్లోనే రికరింగ్ డిపాజిట్‌లో వేసేయండి. మిగిలినదాంతో ఇల్లు నడిచిందంటే డబ్బు అడ్డం కాదు. మూడో నెలకే డిపాజిట్ ఆపాల్సి వస్తే ఏ ఖర్చు తగ్గాలో అక్కడే కనబడుతుంది, ఆ పోగైన సొమ్ము కాన్పు ఖర్చుకు పనికొస్తుంది. ఫీజు ఏటా 10 శాతం పెరిగితే ఏడేళ్లలో దాదాపు రెట్టింపు. ఇవాళ 60 వేలు కడుతున్నది చిన్నది రెండో తరగతికి వచ్చేసరికి లక్షా పదివేలు దాటుతుంది. ఆరోగ్య బీమాలో కాన్పు ఖర్చుకు నెలల నుంచి ఏళ్ల దాకా నిరీక్షణ కాలం ఉంటుంది, కంపెనీ బీమాలో సాధారణంగా రెండు కాన్పులకే పరిమితి ఉంటుంది, పాలసీ కాగితంలో చూడండి. ప్రభుత్వ సాయం కూడా అర్హతను బట్టి ఉంది: రెండో బిడ్డ ఆడపిల్లైతే మాతృవందన యోజన కింద 6,000 రూపాయలు. తల్లికి వందనం పథకం స్కూలుకెళ్లే ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. అవి చూసి పిల్లల్ని కనకూడదు, వచ్చేవాటిని వదులుకోనూ కూడదు.

ఇక అత్తగారి మాట. ఆ మాట వెనక "మగపిల్లాడు" ఉన్నాడా అన్నది ఇద్దరూ స్పష్టంగా తేల్చుకోండి. ఆడపిల్ల పుట్టాక రెండోది మగపిల్లాడయ్యే అవకాశమేమీ పెరగదు, ప్రతిసారీ సుమారు సగం సగమే. రెండోదీ ఆడపిల్లైతే ఈ ఇల్లు ఇదే సంతోషంతో తెచ్చుకుంటుందా? మీవారు తడుముకోకుండా అవునంటేనే ముందుకెళ్లండి. కడుపులో ఉన్నది ఎవరో చెప్పడం, చెప్పమనడం రెండూ 1994 చట్టం కింద జైలుశిక్ష పడే నేరాలు. "మగబిడ్డ మందు" అని పల్లెల్లో ఇచ్చే పొడులు గర్భం మొదట్లోనే మింగిస్తారు, అవి బిడ్డకు పుట్టుక లోపాలు తెచ్చిపెట్టగలవు. ఎవరు తెచ్చిచ్చినా నోట్లో వేసుకోకండి.

ఒంటరి పిల్లలు మొండిగా, స్వార్థంగా తయారవుతారన్న మాటకు ఆధారం లేదు. పాపకు తోడు కోసం అన్న ఒక్క కారణం మీదే కనడం నేను ఒప్పుకోను. పదేళ్లదాకా తోడు కంటే గొడవలే ఎక్కువుండొచ్చు, పెద్దయ్యాక ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉండొచ్చు. ఇంకో బిడ్డను పెంచాలని మీకు ఉంటే అదే చాలినంత కారణం.

మీవారి "నీ ఇష్టం" జవాబు కాదు. అది ప్రేమతో అన్నా బరువంతా మీ మీదే పెడుతుంది. ఇద్దరూ వేర్వేరు కాగితాల మీద రాయండి: ఇంకో బిడ్డ ఎందుకు కావాలి, దేనికి భయం, రాత్రిపూట నేను చేసే పని ఏది. ఒకరిది ఒకరు చదివాక ఆ రోజు వాదించుకోకండి, ఒక వారం ఆగండి. ఒకరికి గట్టిగా వద్దని ఉంటే రెండోవారిని నచ్చజెప్పి ఒప్పించడం వేరు, అలిగి ఒప్పించడం వేరు. అలిగి తెచ్చిన ఒప్పుకోలు బిడ్డ పుట్టాక "నువ్వే కావాలన్నావు" అన్న మాటగా మారుతుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అభిప్రాయం: తొందరేమీ లేదు, కానీ మూడేళ్లు వాయిదా వేసే వీలూ లేదు. ఈ నెలలో రక్తపరీక్షలు, గంటల కాగితం. వచ్చే ఆరు నెలలు డిపాజిట్. ఆ చివర ఒక తేదీ పెట్టుకుని అవునో కాదో చెప్పుకోండి. అప్పటికి మీకు 34కి అటూ ఇటూ. రెండే అనుకుంటే ఇది సరిపోతుంది. మూడో బిడ్డ ఆలోచన ఎక్కడో ఉంటే ఇప్పుడే చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రతి పెద్దాపరేషన్‌తోనూ మాయ (ప్లాసెంటా) పాత కుట్టులోకి పాతుకుపోయే ముప్పు పెరుగుతుంది, మాయ కిందికి ఉన్నవాళ్లలో మూడో ఆపరేషన్‌కు అది 40 శాతం దాకా వెళ్తుంది.

ఈ ఆరు నెలలూ "జాగ్రత్తగా ఉంటాంలే" అని ఊరుకోకండి. కండోమ్ ప్రతిసారీ వాడితే చాలు. ఛాయా అనే గర్భనిరోధక మాత్రలైతే మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మూడు నెలలకొకటే కానీ ఆపాక గర్భం రావడానికి నెలలు పట్టొచ్చు, త్వరలో ప్రయత్నించాలనుకునే మీకు అది తగదు. ఇక వద్దనే తేలితే లూప్ ఉంది, కాపర్-టి 380ఏ పదేళ్లు పనిచేస్తుంది, తీయించిన వెంటనే గర్భం రావచ్చు కాబట్టి మనసు మారినా చిక్కు లేదు. శాశ్వతమైనదే కావాలంటే మగవాళ్ల ఆపరేషన్ కుట్టు లేకుండా పావుగంటలో అయిపోతుంది, కాకపోతే మూడు నెలలు కండోమ్ వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే మానాలి. రెండో కాన్పయ్యేట్టయితే మీ ట్యూబుల ఆపరేషన్ సంగతి ఎనిమిదో నెలలోనే ఇద్దరూ తేల్చుకుని కేస్ షీట్‌లో రాయించండి. ఆపరేషన్ బల్ల మీద నర్సు అడిగితే తలూపడం వద్దు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే ఐసీయూకు వెళ్లినా ఆ రోజు ఆపేయమని కూడా ముందే చెప్పి ఉంచండి, తర్వాత లాప్రోస్కోప్‌తో ఎప్పుడైనా చేయించుకోవచ్చు.